షెర్‌బూర్ గొడుగులు: విలన్ లేని విషాద ప్రేమ

విషాద ప్రేమకథ అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేది దేవదాసు. 1953లో వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వంలో వచ్చిన ఆ సినిమాను మన ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. ప్రేమించిన పిల్ల వేరొకరి ఇల్లాలైంది. అతను తాగి తాగి చివరకు ఆమె గుమ్మం ముందే ప్రాణం విడిచాడు. అంతస్తుల పట్టింపు, పెద్దల మంకుపట్టు, చివర్లో చావు. మన సినిమాల్లో భగ్నప్రేమ చాలాకాలం ఈ దారిలోనే నడిచింది.

ఈ వ్యాసంలో నేను పరిచయం చేయబోయే ఫ్రెంచి సినిమాలోనూ ప్రేమ ఓడిపోతుంది. పిల్ల వేరొకరిని పెళ్లి చేసుకుంటుంది. కాని ప్రేమ కోసం ఇక్కడ ఎవరూ చావరు. పిల్లకు మంచి సంసారం దొరుకుతుంది, పిల్లవాడికీ దొరుకుతుంది. ఇద్దరూ పిల్లాపాపలతో చల్లగా ఉంటారు. అయినా సినిమా అయ్యేసరికి చూసినవాళ్ల గొంతులో ఏదో అడ్డుపడుతుంది. ఎందుకలా? ఈ ప్రశ్నకు నాకు తోచిన జవాబే ఈ వ్యాసం.

సినిమా పేరు 'షెర్‌బూర్ గొడుగులు'. దర్శకుడు జాక్ డెమీ. సంగీతం మిషెల్ లెగ్రాన్. ఫ్రాన్స్‌లో 1964లో విడుదలైంది. ఆ సంవత్సరం కాన్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి అందుకుంది. ఆస్కార్‌కు రెండు వేర్వేరు సంవత్సరాల్లో కలిపి ఐదు నామినేషన్లు వచ్చాయి, ఒక్కటీ దక్కలేదు. నిడివి గంటన్నర.

మాటంతా పాటే

సినిమా మొదలుపెట్టగానే మీకొక సందేహం వస్తుంది. ఎవరూ మామూలుగా మాట్లాడరేమిటి? అవును, ఈ సినిమాలో ఒక్క మాట కూడా మాటగా ఉండదు. మొదటి నుంచి చివరి దాకా అన్నీ పాడతారు.

పాటలున్న సినిమాలు మనకు కొత్తకాదు. వీధి నాటకం, యక్షగానం చూసిన తాతల మనవలం మనం. తిరుపతి వేంకట కవుల పద్యాలతో కృష్ణుడు రాయబారం నడుపుతుంటే తెల్లవార్లూ కూర్చుని విన్న జాతి మనది. కాని మన నాటకంలో పద్యం ఒక ఘట్టం పతాక స్థాయికి చేరినప్పుడు వస్తుంది. డెమీ అలా చేయలేదు. కారు ఇంజను బాగుచేశానని చెప్పడం, పని అయ్యాక ఈ రాత్రికి ఇంకొంచెం సేపు ఉంటావా అని యజమాని అడగడం, బాకీ నోటీసు వచ్చిందని తల్లి వాపోవడం, సూపర్ పెట్రోలు పోయమంటారా మామూలుదా అని బంకు కుర్రాడు అడగడం, అన్నీ రాగంలోనే. ప్రేమిస్తున్నానన్న మాటకూ పెట్రోలు మాటకూ ఒకే మర్యాద.

మొదట్లోనే దర్శకుడు తన మీద తానే ఒక చమత్కారం వేసుకుంటాడు. గ్యారేజీలో పనివాళ్లు చేతులు కడుక్కుంటూ, ఆ సాయంత్రం ఎవరెక్కడికి వెళ్తున్నారో చెప్పుకుంటారు. హీరో ఒపేరాకు వెళ్తున్నానంటాడు. పక్కనున్నవాడు, ఎప్పుడూ పాడుతూనే ఉండే ఆ ఒపేరా గొడవ తనకు పడదని, తనకు సినిమాయే ఇష్టమని పాడుతూ చెబుతాడు!

మొదటి పది నిమిషాలు వింతగా, కాస్త నవ్వుగా కూడా ఉంటుంది. ఆ పది నిమిషాలు ఓపిక పట్టండి. తరువాత చెవి అలవాటు పడుతుంది. ఇంకాసేపటికి వీళ్లు పాడుతున్నారన్న సంగతే మరచిపోతాం.

తెర మీద కనిపించేవాళ్లు వేరు, పాడినవాళ్లు వేరు. నాగేశ్వరరావుగారి దేవదాసుకు ఘంటసాలగారి గొంతు విన్న మనకు ఇందులో వింతేమీ లేదు. కథానాయిక పాత్ర ధరించిన కాథరిన్ దెనెవ్‌కు గాయని డానియెల్ లికారీ గొంతు ఇచ్చింది. తల్లి పాత్రకు సంగీత దర్శకుడి అక్కగారు క్రిస్టియాన్ లెగ్రాన్ పాడారు. ముందే మొత్తం సంగీతం రికార్డు చేసి, ఆ తరువాత నటీనటులు దానికి పెదవులు కలుపుతుండగా చిత్రీకరించారు. అంటే ఏ మాట తరువాత ఎంతసేపు ఆగాలో, తలుపు దాకా ఎన్ని అడుగులు వేయాలో కూడా సంగీతమే ముందుగా నిర్ణయించింది.

కథ ఇది

ఇంగ్లిష్ చానెల్ ఒడ్డున, నార్మండీ ప్రాంతంలో షెర్‌బూర్ ఒక ఓడరేవు. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ తన మొదటి, చివరి ప్రయాణంలో ప్రయాణికులను ఎక్కించుకోవడానికి ఆగిన రేవుల్లో ఇదొకటి. వానలు ఎక్కువ. ఆ ఊళ్లో శ్రీమతి ఎమెరీ అనే వితంతువు గొడుగుల దుకాణం నడుపుతుంది. ఆమె కూతురు జెనెవియెవ్, పదహారు పదిహేడేళ్ల పిల్ల. గ్యారేజీలో మెకానిక్‌గా పనిచేసే ఇరవై ఏళ్ల గీ అనే కుర్రవాడిని ప్రేమిస్తుంది.

కథను దర్శకుడు మూడు భాగాలు చేశాడు. వాటి పేర్లు కూడా మన లెడ్జరు శీర్షికల్లా సూటిగా ఉంటాయి. నిష్క్రమణ, ఎడబాటు, తిరిగి రాక.

మొదటి భాగం 1957 నవంబరు. ఇద్దరూ పెళ్లి చేసుకుందామనుకుంటారు. పుట్టబోయే బిడ్డకు పేరు కూడా అనుకుంటారు, ఆడపిల్లయితే ఫ్రాన్స్వాజ్ అని. పెట్రోలు బంకు పెట్టుకోవాలని అతని కల. తల్లి ఒప్పుకోదు. పిల్ల చిన్నది, కుర్రవాడికి ఇంకా సైనిక సేవ పూర్తికాలేదు, జీవితంలో నిలదొక్కుకోలేదు. ఇంతలో అతనికి పిలుపు వస్తుంది. రెండేళ్లు అల్జీరియా వెళ్లాలి. రైలు స్టేషనులో వీడ్కోలు. ఆ ఘట్టంలో వినిపించే బాణీయే తరువాత ఇంగ్లిషు మాటలతో ప్రపంచమంతా తిరిగింది.

రెండో భాగం 1958 జనవరితో మొదలవుతుంది. జెనెవియెవ్ గర్భవతి. గీ దగ్గర నుంచి ఉత్తరాలు అరుదు. దుకాణానికి అప్పులు. ఈ స్థితిలో రోలాన్ కసార్ అనే రత్నాల వ్యాపారి వారి జీవితంలోకి వస్తాడు. మర్యాదస్తుడు, ధనవంతుడు, జెనెవియెవ్‌ను మనసారా కోరుకున్నవాడు. ఆమె కడుపులో ఉన్న బిడ్డ వేరొకరిదని తెలిసీ, ఆ బిడ్డ మనిద్దరి బిడ్డ అంటాడు. పెళ్లి జరుగుతుంది. వాళ్లు పారిస్ వెళ్లిపోతారు.

మూడో భాగం 1959 మార్చి. గీ కాలికి గాయంతో కుంటుతూ తిరిగి వస్తాడు. గొడుగుల దుకాణం చేతులు మారింది. జెనెవియెవ్ లేదు. అతను ఉద్యోగం వదిలేస్తాడు, తాగుతాడు, దారి తప్పుతాడు. అతన్ని పెంచిన మేనత్త చనిపోతుంది. ఆవిడకు ఆఖరి రోజుల్లో సేవ చేసిన మడ్లేన్ అనే నెమ్మదస్తురాలు ఆ ఇంట్లో మిగిలి ఉంటుంది. అత్త వదిలిన డబ్బుతో అతను బంకు కొంటాడు, మడ్లేన్‌ను పెళ్లి చేసుకుంటాడు. చివరగా 1963 డిసెంబరులో, క్రిస్మస్ ముందు రాత్రి, మంచు కురుస్తుండగా ఒక కారు ఆ బంకులోకి వచ్చి ఆగుతుంది. ఆ ఘట్టం సంగతి చివర్లో చెబుతాను.

కౌంటరు మీద నగ

మూడు దశాబ్దాలకు పైగా బ్యాంకులో పనిచేసినవాడిని కాబట్టి నా కన్ను పడిన చోటు వేరు. ప్రేమ ఘట్టాల కంటే ముందు నన్ను ఆపింది నగల దుకాణం ఘట్టం.

శ్రీమతి ఎమెరీకి వెంటనే కట్టవలసిన బాకీ ఒకటి వచ్చిపడుతుంది. కట్టకపోతే దుకాణం మిగలదు. మెడలో వేసుకునే హారాన్ని అమ్మడానికి కూతురిని వెంటబెట్టుకుని నగల వర్తకుడి దగ్గరకు వెళ్తుంది. వర్తకుడు మంచివాడే, మాట మెత్తగానే ఉంటుంది, కాని కొనలేనంటాడు. అక్కడే కూర్చున్న రోలాన్ కసార్ తాను తీసుకుంటానంటాడు. చూపు నగ మీద కంటే పిల్ల మీదే ఉందన్న సంగతి మనకూ తెలుస్తుంది, తల్లికీ తెలుస్తుంది.

బంగారు నగల రుణాల కౌంటరు దగ్గర పనిచేసిన సహోద్యోగులు ఈ ఘట్టం చూస్తే వెంటనే పోల్చుకుంటారు. నగ పట్టుకొచ్చిన మనిషి దాన్ని తీసే తీరు, అవసరం గురించి కాకుండా వేరే సంగతులు మాట్లాడే తీరు, ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తున్నారేమోనని వెనక్కి చూసే తీరు. శ్రీమతి ఎమెరీ కూడా అంతే. మంచి కోటు వేసుకుని, జుట్టు సర్దుకుని, ఏదో సరదాకు అమ్ముతున్నట్టు నటిస్తుంది. నగతో పాటు ఆమె పరువు కూడా ఆ కౌంటరు మీదే ఉంది.

ప్రేమకథలో ఈ లెక్కల గొడవ ఎందుకని అనిపించవచ్చు. నా ఉద్దేశంలో ఈ కథకు ఇరుసు ఇదే. ఆ బాకీ లేకపోతే నగ అమ్మనక్కరలేదు. నగ అమ్మకపోతే రోలాన్ పరిచయం కాడు. ప్రేమకథల్లో డబ్బు సాధారణంగా విలన్ జేబులో ఉంటుంది. డెమీ సినిమాలో అది ప్రతి ఇంట్లోనూ ఉండేంత మామూలుగా ఉంటుంది. అద్దె, బాకీ, జీతం, వారసత్వం. గీ జీవితం మళ్లీ నిలబడింది కూడా అత్త దాచిన డబ్బు వల్లే కదా.

ఇక్కడ మన వృత్తివాళ్లకు ఒక చిన్న విశేషం. ఈ కథ జరిగే కాలంలోనే ఫ్రాన్స్ తన నాణేన్ని మార్చుకుంది. 1960 జనవరి 1 నుంచి నూరు పాత ఫ్రాంకులు ఒక కొత్త ఫ్రాంకు. అంటే శ్రీమతి ఎమెరీ బాకీ పాత ఫ్రాంకుల్లో ఉంటే, చివరి ఘట్టంలో గీ బంకులో పోసే పెట్రోలుకు డబ్బు కొత్త ఫ్రాంకుల్లో తీసుకోవాలి. అప్పటికి ఫ్రాంకు విలువ మారింది, వాళ్ల జీవితాలు కూడా మారాయి.

గడువులు కుదరని బాకీ

జెనెవియెవ్ ఎందుకు ఆగలేకపోయింది? సినిమా చూసిన ప్రతి ఇంట్లో ఈ వాదన పుడుతుంది.

లెక్క వేసి చూద్దాం. అతను వెళ్లింది 1957 చివర్లో. బిడ్డ పుట్టవలసింది 1958 వేసవిలో. అతను రావలసింది రెండేళ్లకు. బ్యాంకు భాషలో చెప్పాలంటే గడువులు కుదరలేదు. తొమ్మిది నెలల్లో తీర్చవలసిన బాధ్యత ఒకటి, ఇరవై నాలుగు నెలలకు గానీ చేతికి రాని జమ ఒకటి. మధ్యలో ఉన్న నెలలను ఎవరు భరించాలి? ఆ రోజుల్లో పెళ్లికాని తల్లికి ఫ్రాన్స్‌లోనూ చిన్న ఊళ్లో తలెత్తుకునే వీలుండేది కాదు. చివరకు గీ గాయంతో ముందే వచ్చాడు. అయినా ఆలస్యమే అయింది.

లెక్క ఒకటే కారణమైతే ఈ సినిమా ఇంతగా గుర్తుండేది కాదు. రెండో భాగంలో జెనెవియెవ్ అతని ఫొటో చూస్తూ తల్లితో ఒక మాట చెబుతుంది. అతను వెళ్లి ఏళ్లు గడిచినట్టుందని, ఫొటో చూస్తుంటే అతని అసలు ముఖం మరుపుకొస్తోందని, తలుచుకున్నప్పుడు ఆ ఫొటోయే కనిపిస్తోందని. ప్రేమ తగ్గిందని కాదు. మనిషి స్థానంలోకి బొమ్మ వచ్చి కూర్చుందని.

ఈ మాట నన్ను తాకడానికి కారణముంది. సెల్‌ఫోన్లు లేని రోజుల్లో పదోన్నతి మీద నేను ఉత్తరాదిలో ఒక పల్లె శాఖలో మూడేళ్లు ఒంటరిగా ఉన్నాను. మా అమ్మాయి అప్పటికి రెండేళ్లది. గోడ మీది నా ఫొటో చూపిస్తే నాన్న అనేదట. సెలవు మీద నేను గుమ్మంలోకి వస్తే మాత్రం వాళ్లమ్మ చీర కొంగు చాటుకు వెళ్లి దాక్కునేది. ఫొటోలో నాన్న వేరు, వచ్చిన మనిషి వేరు. బదిలీల మీద బతికిన మన కుటుంబాల్లో ఈ అనుభవం లేనివాళ్లు తక్కువ. ఎడబాటు ఏం చేస్తుందో డెమీ ఆ ఒక్క ఫొటోతో చెప్పేశాడు.

తల్లి పాత్రను కూడా జాగ్రత్తగా గమనించాలి. ప్రేమ కోసం చనిపోవడం సినిమాల్లోనే జరుగుతుందని ఆవిడ కూతురికి మొదట్లోనే చెబుతుంది. ఆ మాటలో వెటకారం కంటే అనుభవం ఎక్కువ. అతను లేకపోతే చచ్చిపోతానన్నాను, మరి ఇంకా ఎందుకు బతికి ఉన్నానని కూతురు తరువాత తనలో తాను ఆశ్చర్యపోతుంది. నిజానికి ఇది చావు కంటే పెద్ద దుఃఖం. చనిపోతామనుకున్నది జరగలేదు. మరునాడు లేచి కాఫీ తాగారు, కొట్టు తెరిచారు.

కనిపించని యుద్ధం

గీని తీసుకుపోయిన యుద్ధం గురించి రెండు మాటలు చెప్పాలి. అది తెలిస్తేనే ఆనాటి ఫ్రెంచి ప్రేక్షకుడికి ఈ సినిమా ఎందుకు అంత గుచ్చుకుందో అర్థమవుతుంది.

ఉత్తర ఆఫ్రికాలోని అల్జీరియాను 1830లో ఫ్రాన్స్ ఆక్రమించుకుంది. 1954 నవంబరులో అక్కడ స్వాతంత్ర్యం కోసం సాయుధ పోరాటం మొదలైంది. 1962 జులైలో అల్జీరియా స్వతంత్ర దేశమైంది. ఈ మధ్యకాలంలో నిర్బంధ సైనిక సేవ కింద పది లక్షలకు పైగా ఫ్రెంచి యువకులను అక్కడికి పంపారు. వాళ్లలో ఎక్కువమంది గీ లాంటివాళ్లే. గ్యారేజీల్లో, పొలాల్లో, దుకాణాల్లో పనిచేసే ఇరవై ఏళ్ల కుర్రాళ్లు.

ఆ యుద్ధాన్ని యుద్ధమని పిలవడానికి ఫ్రెంచి ప్రభుత్వం చాలాకాలం ఒప్పుకోలేదు. శాంతిభద్రతల చర్యలన్నది. అధికారికంగా దాన్ని యుద్ధమని చట్టంలో రాసుకున్నది 1999లో. ఆ విషయం మీద సినిమా తీయడమూ అంత సులువు కాదు. జాఁ లూక్ గొడార్ 1960లో తీసిన 'చిన్న సైనికుడు' సినిమాను నిషేధిస్తే, అది 1963లో గానీ వెలుగు చూడలేదు.

యుద్ధం ముగిసి రెండేళ్లయినా కాకముందే డెమీ తన రంగురంగుల పాటల సినిమాలోకి అల్జీరియా పేరు తెచ్చాడు. ఒక్క తుపాకీ చూపించలేదు. ఒక ఉత్తరం, ఒక కుంటి నడక, అంతే. కొడుకుల కోసం, కాబోయే భర్తల కోసం ఎదురుచూసిన ఇళ్లకు అంతకంటే చెప్పనక్కరలేదు. అయితే ఒక లోటు కూడా చెప్పాలి. అల్జీరియా ప్రజలు పడిన పాట్లు ఈ కథలో ఎక్కడా లేవు. ఇది షెర్‌బూర్‌లో మిగిలిపోయినవాళ్ల వైపు నుంచి మాత్రమే చెప్పిన కథ.

రంగుల వెనుక మనిషి

జాక్ డెమీ 1931లో పుట్టాడు. నాంత్ నగరంలో పెరిగాడు. వాళ్ల నాన్నకు అక్కడ మోటారు గ్యారేజీ ఉండేది. కథానాయకుణ్ని మెకానిక్‌ని చేసి, అతని కలను పెట్రోలు బంకుగా ఊహించడం వెనుక ఈ బాల్యం ఉందని వేరే చెప్పనక్కరలేదు. గ్రీజు మరకల చేతులను ఇంత గౌరవంగా చూపించిన సంగీత చిత్రం నేను మరొకటి చూడలేదు. అతని భార్య ఆన్యెస్ వార్దా కూడా ప్రపంచ ప్రసిద్ధి పొందిన దర్శకురాలే. 1990లో డెమీ చనిపోయాక, ఆయన బాల్యం మీద ఆమె తీసిన చిత్రం 1991లో విడుదలైంది.

ఈ సినిమాలో గోడలు కూడా నటిస్తాయి. కళా దర్శకుడు బెర్నార్ ఎవెన్ షెర్‌బూర్ ఇళ్లకు, దుకాణాలకు గులాబీ, నారింజ, ఆకుపచ్చ, ఊదా రంగులు వేయించాడు. తల్లీకూతుళ్ల దుస్తులు గది గోడల కాగితాలతో కలిసిపోతాయి. ఒకచోట గర్భవతి అయిన జెనెవియెవ్ వేసుకున్న పూల గౌను వెనకాల గోడ మీది పూలలో దాదాపు కరిగిపోతుంది. ఆ పిల్ల ఆ ఇంట్లోంచి కదల్లేదన్న సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఇదే సినిమా చివరి ఘట్టానికి వచ్చేసరికి తెల్లని మంచు, నల్లని రాత్రి. రంగులన్నీ ఎక్కడికి పోయాయో మనం వెతుక్కోవాలి.

నిజ జీవితంలో కూడా ఆ రంగులు పోబోయాయి. అప్పట్లో వాడిన ఈస్ట్‌మన్ కలర్ ఫిల్ము కొన్నేళ్లకే వెలిసిపోతుంది. ఈ సంగతి తెలిసిన డెమీ, మూడు మూల రంగులకు మూడు విడివిడి నలుపు తెలుపు ప్రతులు తీయించి దాచిపెట్టాడు. నలుపు తెలుపు ఫిల్ము అంత త్వరగా పాడుకాదు. ఆయన పోయిన తరువాత 1990లలో వార్దా పర్యవేక్షణలో ఆ మూడింటినీ కలిపి సినిమాకు మళ్లీ తొలినాటి రంగులు తెచ్చారు. లాకరులో పెట్టిన వస్తువు వారసులకు పనికొచ్చినట్టే అయింది.

రోలాన్ కసార్ పాత్రకు ఒక పూర్వకథ ఉంది. డెమీ 1961లో తీసిన 'లోలా' సినిమాలో ఇదే పేరుతో, ఇదే నటుడు మార్క్ మిషెల్ కనిపిస్తాడు. అక్కడ అతను ప్రేమించిన లోలా అతన్ని కాదని వెళ్లిపోతుంది. షెర్‌బూర్‌లో తల్లికి తన గతం చెప్పేటప్పుడు అతను గుర్తుచేసుకునేది ఆ లోలానే. ఇది తెలిస్తే రోలాన్ మీద మన చూపు మారుతుంది. డబ్బుతో పిల్లను ఎగరేసుకుపోయిన మనిషిలా కాకుండా, ఒకసారి ఓడిపోయి వచ్చిన మనిషిలా కనిపిస్తాడు.

ఎవరిది తప్పు?

మా ఇంట్లో ఈ కేసు మీద తీర్పు ఇంకా రాలేదు. మా ఆవిడ తల్లి పక్షం. భర్త లేని మనిషి, అప్పులున్న కొట్టు, కడుపుతో ఉన్న కూతురు, బిడ్డతో సహా ఏలుకుంటానన్న అల్లుడు. ఆవిడ స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని అంటుంది. మా అమ్మాయి ఒప్పుకోదు. "అమ్మా, ఆ పిల్ల నిర్ణయం తీసుకోలేదు. అందరూ కలిసి ఆమె చేత తీసుకునేలా చేశారు" అంటుంది. ఫొటో చూసి నాన్న అన్న ఆ పిల్లే ఇప్పుడు ఇలా వాదిస్తోంది.

నేను ఎవరి పక్షమూ కాను. నాకు ఈ కథలో ఎక్కువ గౌరవం మడ్లేన్ మీద. సినిమా గురించి మాట్లాడేవాళ్లు ఆమెను ఇట్టే దాటవేస్తారు. ముసలావిడకు మందులిచ్చింది. పడిపోయిన మనిషిని తన పద్ధతిలో మందలించింది. పెళ్లి చేసుకుందామని గీ అడిగినప్పుడు వెంటనే సరే అనలేదు. జెనెవియెవ్ మీది నిరాశతో అడుగుతున్నావా అని సూటిగా అడిగింది. ఆ ప్రశ్న అడగడానికి ధైర్యం కావాలి, ఎందుకంటే జవాబు తనకు నచ్చనిది కావచ్చు. ఒకరి ఖాళీని పూరించడానికి కాక, తన కోసమే తనను అడుగుతున్నాడని నమ్మకం కుదిరాకే ఒప్పుకుంది.

ఈ కథలో చెడ్డవాళ్లు లేరు. తల్లి మోసగత్తె కాదు. రోలాన్ దుర్మార్గుడు కాదు. పిల్ల మాట తప్పే మనిషి కాదు. కుర్రవాడు మరచిపోయినవాడు కాదు. దేవదాసులో మనం కోపగించుకోవడానికి పెద్దమనుషులున్నారు. ఇక్కడ కోపగించుకోవడానికి ఎవరూ దొరకరు. గొంతులో అడ్డుపడేది అదేనని నాకు అనిపిస్తుంది. తిట్టడానికి మనిషి దొరికితే దుఃఖం సగం దిగిపోతుంది. ఇక్కడ దూరాన్ని, ఆలస్యాన్ని, అవసరాన్ని తిట్టుకోవాలి.

మంచు రాత్రి

ఇక చివరి ఘట్టం. 1963 డిసెంబరు. గీ బంకులో క్రిస్మస్ చెట్టు అలంకరించారు. మడ్లేన్, చిన్న కొడుకు ఫ్రాన్స్వా కలిసి బజారులో అలంకరణలు చూడ్డానికి వెళ్తారు. వాళ్లు వెళ్లగానే ఒక ఖరీదైన కారు వచ్చి ఆగుతుంది. ఉన్ని కోటులో జెనెవియెవ్, పక్క సీట్లో పాప. పెళ్లయ్యాక ఆమె షెర్‌బూర్ రావడం అదే మొదటిసారి. తల్లి చనిపోయిందని చెబుతుంది. చలిగా ఉందని లోపలికి రమ్మంటాడు. చెట్టు మీరే అలంకరించారా అని అడుగుతుంది. మా ఆవిడ అలంకరించింది, ముఖ్యంగా పిల్లవాడి కోసం అంటాడు.

పాప పేరు ఫ్రాన్స్వాజ్. బాబు పేరు ఫ్రాన్స్వా. ఇద్దరూ కలిసి అనుకున్న పేరును విడివిడిగా ఇద్దరూ నిలుపుకున్నారు. పాపను చూస్తావా అని ఆమె అడుగుతుంది. అతను తల అడ్డంగా ఊపుతాడు. ఇక నువ్వు వెళ్లవచ్చంటాడు. ఆమె గుమ్మం దగ్గర ఆగి, నువ్వు బాగున్నావా అని అడుగుతుంది. చాలా బాగున్నానంటాడు. కారు వెళ్లిపోతుంది. మడ్లేన్, బాబు తిరిగి వస్తారు. అతను వాళ్లకెదురెళ్లి భార్యను ముద్దాడి, కొడుకుతో మంచులో ఆడుకుంటాడు. కెమెరా నెమ్మదిగా పైకి వెళ్లిపోతుంది.

కన్నబిడ్డను ఎందుకు చూడలేదు? కోపమా? నేను అలా అనుకోను. కారు తలుపు తెరిస్తే ఇంకేవేవో తలుపులు తెరుచుకుంటాయని అతనికి తెలుసు. బజారు నుంచి తిరిగి వస్తున్న ఇద్దరి కోసం ఆ ఒక్క తలుపు మూసే ఉంచాడు. బాగున్నానన్న జవాబు అబద్ధం కాదు. కాని ఆ మాట అనడానికి అతను ఏం చెల్లించాడో వెనకాల మోగుతున్న ఆర్కెస్ట్రా మనకు చెబుతూనే ఉంటుంది. అతను పైకి అనని మాటలన్నీ ఆ బాణీలో ఉన్నాయి.

ఈ సినిమా ప్రభావం ఎంత దూరం పోయిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2016లో వచ్చిన హాలీవుడ్ చిత్రం 'లా లా ల్యాండ్' దర్శకుడు డేమియన్ షజెల్, తనకు దారి చూపింది ఈ సినిమాయేనని బాహాటంగా చెప్పుకున్నాడు. మీ ఇంట్లో కాలేజీ పిల్లలు ఆ సినిమా చూసి ఉంటే వాళ్లను పిలిచి దాని మూలం చూపించండి.

చూడదలచినవారికి రెండు సూచనలు. ఉపశీర్షికలతో, ఫ్రెంచి గొంతులతోనే చూడండి, అనువాద గాత్రం వద్దు. సంగీతం కొంచెం పెద్దగా పెట్టుకోండి. హైస్కూలు దాటిన పిల్లలతో కలిసి కూర్చుని చూడదగిన సినిమా ఇది. అయిపోగానే ఫోన్లు తీయకుండా ఒక పది నిమిషాలు మాట్లాడుకోండి. మీ ఇంట్లో ఎవరు తల్లి పక్షం వహించారో, ఎవరు జెనెవియెవ్ పక్షం వహించారో మన పత్రికకు ఒక కార్డు ముక్క రాయండి. మడ్లేన్ పక్షాన ఇంకొక ఓటు వస్తే నేను సంతోషిస్తాను.